ఫోన్‌లో చూసిన ఆరోగ్యం మాట నిజమో కాదో మీరే ఎలా తేల్చుకోవాలి

"ఇది నిజమేనా, కాస్త చూసి చెప్పవా?" అంటూ నాకు రోజుకి ఒక్క ఫార్వర్డ్ అయినా వస్తుంది. పంపేవాళ్లంతా నలభై అయిదు దాటినవాళ్లే. టికెట్లు బుక్ చేసుకుంటారు, డబ్బులు పంపుతారు, వీడియో కాల్స్ మాట్లాడతారు, కాబట్టి ఫోన్ వాడటం రాదని అనడానికి లేదు. కానీ బీపీ మాత్ర వల్ల కిడ్నీలు పోతాయని ఎవరో వీడియో పెట్టగానే అటు నమ్మలేక, ఇటు కొట్టిపారేయలేక నాకు పంపేస్తారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసీ రాసీ విసుగొచ్చింది, అందుకే నేను చేసే పనినే ఇక్కడ వరసగా పెడుతున్నాను. ఇకనుంచి అడిగినవాళ్లకి ఇదే పంపుతా.

ఒక మాట ముందే చెప్పేస్తాను. అచ్చులో కనిపించిందాన్ని గౌరవించడం మన తరానికి చిన్నప్పటినుంచీ అలవాటు. పేజీ తెరిస్తే పైనుంచి కిందదాకా శ్రద్ధగా చదువుతాం, సరిగ్గా అక్కడే దొరికిపోతాం. ఎందుకంటే అబద్ధం రాసేవాడు కూడా శ్రద్ధగానే రాస్తాడు. కింద చెప్పే పద్ధతిలో సగం పని ఆ పేజీ బయటే జరుగుతుంది.

ఏమేం కావాలి

- ఫోన్ చాలు. ల్యాప్‌టాప్ ఉంటే ఇంకా నయం, పక్కపక్కనే రెండు పేజీలు తెరిచి చూసుకోవచ్చు.
- మీ మందుల చీటీ, తాజా రిపోర్టు.
- ఒక చిన్న నోట్‌బుక్. ఫోన్‌లోని నోట్స్ కూడా పనికొస్తుంది కానీ, డాక్టరు ముందు కూర్చుని దాన్ని వెతుక్కునేసరికి టైమ్ అయిపోతుంది.
- కళ్లజోడు. నవ్వకండి. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం మామూలే. తేదీ, "స్పాన్సర్డ్" అనే ముక్క, రిపోర్టులో యూనిట్లు, ఇలా మనం చూడాల్సినవన్నీ చిన్న అక్షరాల్లోనే ఉంటాయి. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేలోకి వెళ్లి అక్షరాల సైజు ఇప్పుడే పెంచేయండి.
- పది నిమిషాలు, అవీ రాత్రి పడుకునే ముందు కాకుండా.

1. అసలిది వెతకాల్సిన విషయమేనా?

ఛాతీలో బిగపట్టినట్టు నొప్పి, ఊపిరి అందకపోవడం, మూతి ఒక పక్కకి పోవడం, ఉన్నట్టుండి ఒక చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం. వీటిలో ఏది కనిపించినా సెర్చ్ మానేసి అదే ఫోన్‌తో అంబులెన్స్‌కి కాల్ చేయండి. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. ఆసుపత్రికి చేరే టైమ్, స్కాన్ తీసే టైమ్ అన్నీ అందులోంచే పోవాలి. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి, ఆసుపత్రిలో మొదట అడిగే ప్రశ్నల్లో అదొకటి.

మిగతా విషయాలైతే రెండో మెట్టుకి రండి.

2. ప్రశ్నలో జవాబు పెట్టకండి

"తలనొప్పి బ్రెయిన్ ట్యూమర్ లక్షణమా" అని కొట్టారనుకోండి, సెర్చ్ ఇంజిన్ మీ మాట మన్నించి ట్యూమర్ పేజీలే వరసగా తెచ్చిపెడుతుంది. దీనికో పేరు కూడా ఉంది, సైబర్‌కాండ్రియా. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు రైయన్ వైట్, ఎరిక్ హార్విట్జ్ 2009లో దీనిమీద ఒక పేపర్ వేశారు. మామూలు లక్షణంతో మొదలైన వెతుకులాట క్లిక్ తర్వాత క్లిక్‌గా పెద్ద జబ్బుల వైపు ఎలా జారిపోతుందో అందులో చూపించారు.

అందుకని జబ్బు పేరు మీరు అందించకుండా అడగండి. "తలనొప్పికి కారణాలు, డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి" అనో, "ఫలానా మందు ఉపయోగం, సైడ్ ఎఫెక్ట్స్" అనో. "ఫలానా మందు ప్రమాదకరమా" అని అడిగితే ప్రమాదాలే కనిపిస్తాయి.

మందు గురించి వెతికేటప్పుడు కంపెనీ పెట్టిన పేరుతో కాకుండా స్ట్రిప్ మీద ఉండే అసలు మందు పేరుతో వెతకండి. దానికీ కొన్నిసార్లు రెండు పేర్లుంటాయి. పారాసెటమాల్‌నే అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు. ఈ ముక్క తెలియక జ్వరానికి ఒకటి, జలుబుకి ఇంకోటి అనుకుని రెండూ వేసుకునేవాళ్లున్నారు. రెండింటిలో ఉన్నదీ ఒకటే మందు, డోసు మితిమీరితే దెబ్బ తినేది లివర్.

తెలుగులో వెతకడం తప్పేమీ కాదు. టైపింగ్ కష్టమైతే మైక్ నొక్కి మాట్లాడండి. కాకపోతే తెలుగులో దొరికే ఆరోగ్యం పేజీల్లో ఎక్కడినుంచో ఎత్తి రాసినవి, మెషిన్ చేత అనువాదం చేయించినవి బాగానే ఉంటాయి. అందుకని విషయం తెలుగులో అర్థం చేసుకున్నాక, చీటీ మీదున్న ఇంగ్లిష్ పేరుతో ఇంకోసారి వెతకండి. స్పెల్లింగ్ రాకపోతే గూగుల్ లెన్స్‌తో చీటీనో స్ట్రిప్‌నో ఫొటో తీస్తే అక్షరాలు అదే తీసిపెడుతుంది. చేతిరాత చీటీలను మాత్రం అది తప్పుగా చదవగలదు, కాబట్టి స్ట్రిప్ ఫొటోయే మేలు.

3. పైన కనిపించిందే మంచిదనుకోకండి

మొదటి రెండు మూడు ఫలితాల పక్కన "స్పాన్సర్డ్" అని ఉంటే అవి డబ్బు కట్టి పెట్టించుకున్న యాడ్స్. వేలితో పైకి జరిపి దాటేయండి. ఆ పైన ఏఐ రాసిన సారాంశం కనిపిస్తే చదవండి, కానీ అక్కడే ఆగిపోకుండా దానికిచ్చిన లింకు తెరిచి, ఆ మాట నిజంగా ఆ పేజీలో ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ సారాంశాన్ని వదిలేయండి.

4. పేజీలోంచి బయటికి రండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, మనవాళ్లు అస్సలు చేయనిదీ ఇదే. ఏదైనా పేజీ ఆసక్తిగా అనిపించగానే దాన్ని అలాగే ఉంచి ఇంకో ట్యాబ్ తెరవండి. ఆ సైట్ పేరో, డాక్టరు పేరో కొట్టి, వాళ్ల గురించి వేరేవాళ్లు ఏమంటున్నారో చూడండి. "మా గురించి" అనే పేజీ చదివి నిర్ణయానికి రాకండి, ఎవరి గురించి వాళ్లు మంచే రాసుకుంటారు. ఫ్యాక్ట్ చెక్ చేసే ప్రొఫెషనల్స్ పనిచేసే తీరు కూడా ఇదే: పేజీ మీద తక్కువ సేపు, పేజీ బయట ఎక్కువ సేపు.

చూడాల్సినవి మూడు. ఎవరు రాశారు, వాళ్ల చదువేంటి, ఆ పేజీ చివర్లో ఏమన్నా అమ్ముతున్నారా. మూడోదానికి జవాబు "అమ్ముతున్నారు" అయితే మొదటి రెండింటికి జవాబు ఎంత గొప్పగా ఉన్నా నేను పక్కన పెట్టేస్తాను. ఇది నా పద్ధతి, మీరు కాస్త మెత్తగా ఉంటానంటే మీ ఇష్టం.

ఇక్కడ మోసపోయే చోట్లు కొన్ని:

- అడ్రస్ పక్కన తాళం గుర్తు. మీ ఫోన్‌కీ ఆ సైట్‌కీ మధ్య నడిచే డేటాని దారిలో ఎవరూ చదవలేరనే దానికి అర్థం. రాసింది నిజమని కాదు. దొంగ సైట్లకీ తాళం ఉంటుంది.
- చివర్లో డాట్ ఓఆర్‌జీ. దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు.
- ముద్రలు. హెల్త్ ఆన్ ది నెట్ అనే సంస్థ ఆరోగ్యం సైట్లకి హాన్‌కోడ్ అనే ముద్ర ఇచ్చేది. 2022లో దాన్ని ఆపేశారు. ఇప్పటికీ అది తగిలించుకున్న సైట్ కనిపిస్తే, ఆ పేజీని చాన్నాళ్లుగా ఎవరూ పట్టించుకోలేదని అర్థం.
- తెల్లకోటు. వీడియోలో కోటు వేసుకున్నాయన ఏ డాక్టరో చూడండి. దంతవైద్యుడు గుండె గురించి చెప్పకూడదని లేదు, కానీ గుండె డాక్టర్లు అదే మాట అంటున్నారా?

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే నేరుగా వీటికి వెళ్లండి: ప్రపంచ ఆరోగ్య సంస్థ సైట్, బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ సైట్, అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే మెడ్‌లైన్‌ప్లస్. మెడ్‌లైన్‌ప్లస్‌లో యాడ్స్ ఉండవు, ఇంగ్లిష్ తేలిగ్గా ఉంటుంది. "ఈ వైద్యం పనిచేస్తుందా" అనే ప్రశ్నకైతే కాక్రేన్ చూడండి. ఒక విషయం మీద జరిగిన ప్రయోగాలన్నీ ఒకచోట పెట్టి తూచే సంస్థ అది. ప్రతి రివ్యూకీ మామూలు మాటల్లో ఒక సారాంశం ఇస్తారు, అది చదివితే చాలు.

5. తేదీ చూడండి

ఆస్పిరిన్ సంగతి తీసుకోండి. గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న 50 నుంచి 59 ఏళ్లవాళ్లకి రోజూ చిన్న డోసు ఆస్పిరిన్ మంచిదని అమెరికాలో ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ అనే నిపుణుల బృందం 2016లో చెప్పింది. 2022లో అదే బృందం మాట మార్చుకుంది. గుండెజబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా అంటూ 60 దాటినవాళ్లు కొత్తగా ఆస్పిరిన్ మొదలుపెట్టొద్దంది, 40 నుంచి 59 వాళ్లయితే ముప్పు ఎంతుందో చూసుకుని డాక్టరుతో మాట్లాడి తేల్చుకోమంది. కారణం, రక్తస్రావం ముప్పు. 2016 నాటి వ్యాసం ఇప్పటికీ నెట్‌లో ఉండొచ్చు, అందులో అబద్ధం ఒక్కటీ ఉండదు. పాతబడింది, అంతే.

జాగ్రత్త: ఇప్పటికే గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఇది చదివి ఆస్పిరిన్ ఆపేయకండి. వాళ్ల లెక్క వేరు. అసలు నెట్‌లో చదివినదాన్ని బట్టి ఏ మందూ మొదలుపెట్టొద్దు, ఆపొద్దు, డోసు మార్చొద్దు.

పేజీలో తేదీ కనిపించకపోతే బాగా కిందికి వెళ్లి "రివ్యూడ్" లేదా "అప్‌డేటెడ్" అనే మాట పక్కన చూడండి. అక్కడా లేదా? ఇంకో పేజీ వెతుక్కోండి.

6. అంకె కనిపిస్తే ఆగండి

నేనే ఒకసారి బోల్తా పడ్డాను. పరగడుపు షుగర్ 96 వచ్చింది. రాత్రి పడుకోబోతూ ఫోన్‌లో చూస్తే ఒక సైట్‌లో "5.6 లోపు ఉండాలి" అని ఉంది. నాది తొంభై ఆరు! ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున లేచి మళ్లీ చూస్తే, ఆ 5.6 పక్కన చిన్న అక్షరాల్లో "మిల్లీమోల్స్ పర్ లీటర్" అని ఉంది, నా రిపోర్టులో ఉన్నదేమో మిల్లీగ్రామ్స్ పర్ డెసీలీటర్. ఒక్కో దేశంలో ఒక్కో యూనిట్ వాడతారు. షుగర్‌కైతే లెక్క తేలిక: మిల్లీగ్రాముల అంకెని 18తో భాగిస్తే మిల్లీమోల్స్ వస్తాయి. 96ని 18తో భాగిస్తే 5.3. హాయిగా పడుకోవాల్సినదాన్ని. కొలెస్ట్రాల్‌కి ఈ 18 పనికిరాదు, అక్కడ భాగించాల్సింది 38.67తో. కాబట్టి ఏ రిపోర్టైనా ముందు యూనిట్ కలిసిందో లేదో చూసి ఆ తర్వాతే టెన్షన్ పడండి.

ఒక్కోసారి యూనిట్ ఒకటే అయినా హద్దు వేరేగా ఉంటుంది. బీపీ ఒక సైట్‌లో 130/80 దాటితే ఎక్కువ అంటారు, ఇంకో సైట్‌లో 140/90 అంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అమెరికా గుండె వైద్య సంఘాలు 2017లో హద్దుని 130/80కి దించాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 140/90 దగ్గరే ఉంది. మీకు ఏది వర్తిస్తుందో మీ డాక్టరుని అడగాలి.

ఇక "రిస్క్ రెట్టింపు", "50 శాతం తగ్గుతుంది" లాంటి మాటలు. ఇలాంటిది కనిపించగానే వేయాల్సిన ప్రశ్న: ఎంతలోంచి ఎంతకి? 1995 అక్టోబరులో బ్రిటన్‌లో కొత్త రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతుందని హెచ్చరిక వచ్చింది. పేపర్లలో, టీవీల్లో అదే మాట. చాలామంది ఆడవాళ్లు భయపడి మాత్రలు మానేశారు, ఆ తర్వాతి ఏడాది అబార్షన్లు పెరిగాయి. తీరా ఆ రెట్టింపు ఎంతంటే, 7000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుందని. రెట్టింపు అన్నది నిజమే. కానీ 7000 అనే అంకె కూడా పక్కన పెట్టి ఉంటే ఎంతమంది మానేసేవారు?

7. ఫార్వర్డ్ వస్తే దాని పుట్టుక వెతకండి

వాట్సాప్‌లో మెసేజ్ మీద రెండు బాణాలు కనిపిస్తే అది కనీసం అయిదు చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అలాంటివాటిని ఒకసారికి ఒక చాట్‌కే పంపనిస్తున్నారు. మీవాళ్లు రాసింది కాదన్నమాట, అది పంపినవాళ్లకీ ఎవరు రాశారో తెలియదు.

ఒక ఉదాహరణ మొదటినుంచి చివరిదాకా చేసి చూపిస్తాను. "ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా ఊపిరి పీల్చి దగ్గుతూ ఉండండి, ప్రాణం దక్కుతుంది" అనేది మీకూ వచ్చే ఉంటుంది.

ముందు మెసేజ్‌లోని ఎమోజీలు, "పదిమందికి పంపండి" లాంటివి తీసేసి అసలు మాట ఒక్క వాక్యంలో రాసుకోండి: గుండెపోటుకి దగ్గు ప్రథమ చికిత్స. దాన్ని "కాఫ్ సీపీఆర్" (కాఫ్ అంటే దగ్గు, సీపీఆర్ అంటే గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) అనే మాటతో, పక్కన "అమెరికన్ హార్ట్ అసోసియేషన్" చేర్చి వెతకండి. ఇలా సంస్థ పేరు చేర్చడం అసలు కిటుకు, అది లేకపోతే ఆ ఫార్వర్డ్ కాపీలే వస్తాయి. తీరా చూస్తే, తాము దీన్ని సమర్థించడం లేదని ఆ సంస్థ స్పష్టంగా చెప్పింది. ఇంకాస్త వెతికితే ఇది 1999 నుంచే ఈమెయిళ్లలో తిరుగుతోందని తెలుస్తుంది. అప్పటికి వాట్సాప్ పుట్టనే లేదు.

మరి ఇది ఎక్కడినుంచి పుట్టింది? ఆసుపత్రిలో గుండెకి ట్యూబు వేసి పరీక్ష చేస్తున్నప్పుడు, మానిటర్ మీద లయ ఉన్నట్టుండి తప్పితే, స్పృహలో ఉన్న రోగిని గట్టిగా దగ్గమంటారు. కొద్ది సెకన్లు రక్తం ఆడుతుంది, ఈలోగా పక్కనే ఉన్న డాక్టర్లు చికిత్స చేస్తారు. ఆ ముక్కని ఆసుపత్రిలోంచి తీసి ఒంటరి మనిషి చేతిలో పెట్టారు. ఎక్కువ కాలం బతికే ఫార్వర్డ్‌లు ఇలాంటివే, మధ్యలో చిన్న నిజం గింజ ఉంటుంది. ఈ కేసులో నష్టమేంటంటే, దగ్గుతూ కూర్చున్నవాళ్లు అంబులెన్స్‌కి ఫోన్ చేయడం ఆలస్యం చేస్తారు.

ఫొటో ఉన్న ఫార్వర్డ్ అయితే ఫొటోని లెన్స్‌లో పెట్టి ఇంతకుముందు ఎక్కడ కనిపించిందో చూడండి. వీడియో అయితే ముఖం స్పష్టంగా కనిపించే చోట ఆపి స్క్రీన్‌షాట్ తీసి అదే పని చేయండి. పేరున్న డాక్టర్ల ముఖం, గొంతు పెట్టి ఏఐతో చేసిన నకిలీ వీడియోలూ తిరుగుతున్నాయి కాబట్టి, ఆయన సొంత పేజీలోనో, పనిచేసే ఆసుపత్రి పేజీలోనో ఆ మాట లేకపోతే నమ్మకండి.

"రీసెర్చ్‌లో తేలింది" అని ఉంటే ఆ రీసెర్చ్ మనుషుల మీదా, ఎలుకల మీదా, గాజు గిన్నెలోని కణాల మీదా అని చూడండి. ఎలుకల మీద పనిచేసింది మీమీద పనిచేస్తుందని గ్యారంటీ లేదు. పేరున్న పత్రికలో అచ్చయినా పొరపాటు ఉండొచ్చు. టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన పేపర్ 1998లో ద లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. దానికి ఆధారం 12 మంది పిల్లలు. 2010లో పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది, అయినా ఆ మాట మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

8. ఏఐని అడిగితే

చాట్‌జీపీటీ లాంటివి వాడొద్దని నేననను. రిపోర్టులో ఒక పదానికి అర్థం చెప్పమనండి, డాక్టరుని ఏం అడగాలో లిస్టు రాయమనండి, వీటికి బాగా పనికొస్తాయి. మీ డోసు ఎంతుండాలి, రెండు మందులు కలిపి వాడొచ్చా లాంటివాటికి మాత్రం దాని మాట మీద ఆధారపడకండి, ఫార్మసిస్టుని అడగండి. తప్పు చెప్పేటప్పుడు కూడా అది తడబడదు, మనకి చిక్కు అదే. రిపోర్టు ఫొటో పెట్టే ముందు పేరు, ఫోన్ నంబరు, ఆసుపత్రి నంబరు కత్తిరించేయండి.

9. డాక్టరు దగ్గరికి ప్రశ్నగా తీసుకెళ్లండి

"నెట్‌లో ఇలా ఉందండీ, మీరు రాసింది తప్పు" అంటే ఎవరికైనా కోపమొస్తుంది. "ఇది చదివాను, నా విషయంలో వర్తిస్తుందా?" అని అడగండి. నోట్‌బుక్‌లో ఒక పేజీ చాలు: లక్షణం ఎప్పటినుంచి, వాడుతున్న మందులన్నీ, మూడు ప్రశ్నలు. అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ముందు రాయండి, చివరి ప్రశ్న వచ్చేసరికి ఆయన తలుపు వైపు చూస్తుంటారు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఒకే మాట మూడు సైట్లలో కనిపించింది కాబట్టి నిజం అనుకోవడం. మూడూ ఒకదాన్నొకటి కాపీ కొట్టుకున్నవేమో చూడండి, వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉంటే అంతే సంగతి.

కామెంట్లు చదివి మందు గురించి నిర్ణయించుకోవడం. మందు పడి హాయిగా ఉన్నవాళ్లు కామెంట్లు రాయడానికి రారు.

వాచీలు, ఉంగరాలు చెప్పే షుగర్ అంకెని నమ్మడం. చర్మాన్ని గుచ్చకుండా షుగర్ కొలుస్తాయని చెప్పే వాచీలు, ఉంగరాలు వాడొద్దని, వేటికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఒంటికి అతికించుకునే సెన్సర్ వేరు, దాని సన్నటి తీగ చర్మం లోపలికి వెళ్తుంది.

బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో అనే ప్రైవేట్ ట్యాబ్‌లో వెతికితే ఎవరికీ తెలియదనుకోవడం. మీ ఫోన్‌లో హిస్టరీ మిగలదు, అంతవరకే. మీరు చూసిన సైట్‌కీ, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకీ మీ రాక తెలుస్తూనే ఉంటుంది.

ఇంకోటి, జవాబు దొరికాక కూడా ఆపకపోవడం. పది నిమిషాలన్నాను కదా, అలారం పెట్టుకోండి. మోగేసరికి తేలకపోతే అది డాక్టరుని అడగాల్సిన ప్రశ్న.

వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

ఆన్‌లైన్ ఆరోగ్య పరిజ్ఞానం కొలవడానికి ఈహీల్స్ అనే 8 ప్రశ్నల కొలమానం ఉంది, 2006లో వచ్చింది. కానీ అది "నాకు తెలుసు" అని మీరెంత గట్టిగా అనుకుంటున్నారో అడుగుతుంది, నిజంగా వచ్చో రాదో చూడదు. నాకైతే ఈ పరీక్ష నయం అనిపిస్తుంది: పోయిన నెల మీకొచ్చిన ఆరోగ్యం ఫార్వర్డ్‌లు మూడు తీసుకోండి. ఒక్కోదానికీ నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాయండి. మొదట ఎవరన్నారు, ఏ సంవత్సరం, అంకె ఉంటే ఎంతలోంచి ఎంతకి, అమ్మకంతో సంబంధం లేని ఇంకో చోట ఏమని ఉంది. మూడింటిలో రెండిటికి నాలుగూ రాయగలిగితే మీకు వచ్చేసినట్టే. దేనికైనా "తేలలేదు" అని రాయాల్సొస్తే దిగులుపడకండి, అది కూడా సరైన జవాబే. తేలనిదాన్ని ఇంకొకరికి పంపకపోతే చాలు.

తప్పని తేలినదాన్ని గ్రూపులో అందరి ముందూ ఖండిస్తే పంపిన పెద్దవాళ్లకి చిన్నతనంగా ఉంటుంది, ఇంకోసారి పంపరేమో కానీ నమ్మడం మాత్రం మానరు. నేనైతే విడిగా ఇలా రాస్తాను: "బాబాయ్, మీరు పంపిన దగ్గు మెసేజ్ చూశాను. అది 1999 నాటిదట, గుండె డాక్టర్ల సంఘమే వద్దంటోంది, లింకు పెడుతున్నాను చూడండి. ఛాతీ నొప్పి వస్తే ముందు అంబులెన్స్‌కి, తర్వాత నాకు ఫోన్ చేయండి. గ్రూపులో ఆ మాట మీరే చెప్తే అందరూ వింటారు."